ఓడిపోయిన మెంబర్ సాబ్

గుస్తావ్ లిండ్నర్ బోధన్‌కు వచ్చేనాటికి అరవైకి దగ్గర పడ్డాడు. పొడుగు మనిషి. కొంచెం వంగిన వీపు, ఎండకు కమిలి పొట్టు లేచే ముక్కు. కొత్తగా కట్టిన చక్కెర ఫ్యాక్టరీలో రసం కాచే పని సరిచూడడానికి యంత్రాలు అమ్మినవాళ్లు ఆయన్ను పంపారు. పుట్టింది జర్మనీలో. అక్కడ చెరుకు పండదు. నేలలో ఊరే ఒక తెల్ల దుంప నుంచి చక్కెర తీస్తారు. ఆ దుంపలు పండించిన రైతు ఆయన, ఆ రసం కాచడంలో ఆరితేరినవాడు కూడా. దుంపదైనా చెరుకుదైనా రసం రసమే అనేవాడు.

ఫ్యాక్టరీ గుమాస్తా రఫీక్ ఆయనకు దుబాసీ. రఫీక్‌ది నిజామాబాద్‌లో తరాలుగా ఉంటున్న కుటుంబం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడి పెరిగినవాడు. మొదటిరోజే కూలీలందరినీ నిలబెట్టి, "ఈ సాబ్ మామూలు సాబ్ కాదు. వీళ్ల దేశంల పార్లమెంటుకు మెంబర్‌గ ఉండె" అని చెప్పాడు. పార్లమెంటు అంటే ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. మెంబర్ అన్న మాట మాత్రం నిలిచిపోయింది. ఆ రోజు నుంచి లిండ్నర్ దొర బోధన్‌కంతా మెంబర్ సాబ్ అయ్యాడు.

ఆయనకు వండిపెట్టడానికి ఆచన్‌పల్లి నుంచి భీమవ్వ వచ్చేది. ఆమె భర్త బాలనర్సయ్యకు నిజాంసాగర్ కాలువ కింద కొద్దిపాటి పొలం ఉంది. కాలువ నీళ్లు వచ్చాక అందరిలాగే వాళ్లూ చెరుకు వేశారు. భీమవ్వ గట్టి మనిషి, గట్టి గొంతు. సాబ్ ఉడకబెట్టిన ఆలుగడ్డ తప్ప మరేదీ అడగకపోవడం ఆమెకు మొదటి నుంచీ మింగుడు పడలేదు.

"గిది జరమొచ్చినోళ్ల తిండి సాబ్. మంచిగున్నోళ్లు గిట్ల తింటరా?" అని అడిగింది ఒకరోజు.

అప్పటికే ఆయన ఆమె దగ్గరా బండ్లవాళ్ల దగ్గరా ముక్కలు ముక్కలుగా తెలుగు నేర్చుకున్నాడు. "మా దేశం అంత ఇప్పుడు జరమే, భీమవ్వ," అన్నాడు.

ఆమెకు అది సగమే అర్థమైంది. మర్నాటి నుంచి ఆలుగడ్డల్లో పచ్చిమిర్చి, నువ్వుల పొడి పడ్డాయి. ఆయన కళ్ల నీళ్లు తుడుచుకుంటూనే గిన్నె ఖాళీ చేశాడు.

సాయంత్రాలు వసారాలో కూర్చుని ఆమె అనపకాయలు ఒలుస్తుంటే ఆయన కూడా ఒక దోసెడు ముందేసుకుని ఒలిచేవాడు. డ్యూటీ దిగి రఫీక్ వచ్చి చేరేవాడు. ఆయన కథ అలా తీరికగా బయటికొచ్చింది. మాట దొరకనిచోట ఆయన ఇంగ్లీషులోకి దిగితే రఫీక్ అందుకుని తెలుగు చేసేవాడు.

"మెంబర్ అంటే ఏం పని సాబ్?" అడిగింది భీమవ్వ.

"మాట్లాడుడు."

"గంతేనా?"

"గంతే. జీతం ఇస్తరు. రైలు ఫుకట్."

"మాట్లాడితె జీతమా? మా ఊళ్లె సగం మంది గా పనికి పనికొస్తరు," అంది భీమవ్వ.

ఆయన పార్టీ పేరుకు రఫీక్ 'పాత పద్ధతి పార్టీ' అని తెలుగు చేశాడు. వాళ్లకు రాజు ఉండాలి, చర్చి ఉండాలి, రైతు భూమి రైతు కొడుక్కే దక్కాలి. పెద్ద యుద్ధం ఓడిపోయి రాజు దేశం విడిచి వెళ్లాక, అన్నీ తలకిందులవుతున్నాయని భయపడ్డ రైతులు దుంపల చేలల్లోంచి లిండ్నర్‌ను లాక్కెళ్లి ఎన్నికలో నిలబెట్టారు. ఆయన గెలిచాడు. కొత్త కోటు కుట్టించుకుని రాజధానికి వెళ్లాడు. ఆ పెద్ద భవనంలో కోటు తగిలించుకునే కొక్కెం మీద తన పేరు రాసి ఉండడం చూసి, ఎవరూ లేని సమయంలో ఆ పేరును వేలితో తడిమాడట.

మొదటిసారి లేచి మాట్లాడింది చక్కెర పన్ను గురించి. వినడానికి పట్టుమని పదిమంది కూడా లేరు. ముందు వరసలో ఒక ముసలి మెంబరు గుర్రు పెట్టి నిద్రపోయాడు.

"ఎదుటి పార్టోడా?" అంది భీమవ్వ.

"కాదు. మావాడే."

అయినా ఆయన విడవలేదు. సంవత్సరం తర్వాత సంవత్సరం చక్కెర గురించి, పశువుల గాలికుంటు గురించి, కప్పు కారే ఊరి బడుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. మంత్రి కాలేదు. పత్రికల్లో బొమ్మ పడలేదు. గాలికుంటు వచ్చిన ఊళ్లకు సర్కారు పశువుల డాక్టరు వెళ్లాలని ఒక చిన్న నియమం మాత్రం ఆయన పట్టుబట్టి పెట్టించాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఒలిచే చెయ్యి ఆగిపోయేది.

తర్వాత పార్టీకి కొత్త నాయకుడు వచ్చాడు. వీధుల్లో జెండాలు పట్టుకుని, కర్రలతో తిరిగే నాజీలతో చెయ్యి కలిపాడు. లిండ్నర్‌కు అది సహించలేదు. కొట్లాట పెట్టేవాడూ పాత పద్ధతివాడూ ఒక్క బండికి కట్టే ఎడ్లు కావన్నాడు. ఇంకొంతమందితో కలిసి పార్టీ వదిలేశాడు. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు సొంత ఊరే ఆయన్ను ఓడించింది. ఆ కబురు పోస్టాఫీసులో విని, ఇంటికొచ్చి, కోటు విప్పి, చేనికి ఎరువు తోలడానికి వెళ్లాడు. ఆ తర్వాత ఎన్నడూ పోటీ చెయ్యలేదు.

"ఓడగొట్టినోళ్ల మీద కోపం లేదా సాబ్?"

"ఉన్నది," అన్నాడాయన. ఇంకో కాయ ఒలిచి, "కని వాళ్ల పంట మంచిగ రావాలె," అన్నాడు.

నాజీలు గద్దె ఎక్కాక పార్టీ వదిలినవాళ్లను ఏరుకుంటూ వచ్చారు. ఒక వేసవి పొద్దున చిన్ననాటి స్నేహితుడు, ఆ ఊరి పోలీసు, పాలు కొనే నెపంతో వచ్చి, "మధ్యాహ్నం నీకోసం వస్తారు, నేనూ వాళ్ల వెంట రావాల్సి ఉంటుంది," అని చెప్పి వెళ్లాడు. భార్య హెర్టా అంతకుముందు చలికాలంలోనే చనిపోయింది. పిల్లలు లేరు. ఒక సంచితో దుంపల చేల గట్ల మీదుగా నడిచి ఆయన దేశం దాటాడు. అక్కడి నుంచి చక్కెర యంత్రాలవాళ్ల దగ్గర పని, ఆ పని మీద బోధన్.

భీమవ్వ ఆయన ముందున్న కాయలు తన చాటలోకి లాక్కుని, "సాలు, గోర్లు నొస్తయ్," అంది.

ఆ చలికాలం ఫ్యాక్టరీ గేటు ముందు గొడవ మొదలైంది. కోటగిరి దిక్కు నుంచి, ఎడపల్లి దిక్కు నుంచి చెరుకు బండ్లు వచ్చి రోడ్డు పొడుగునా నిలిచేవి. ముందు వచ్చిన బండి ముందు తూకానికి పోవాలి. కానీ పెద్ద భూస్వామి రామ్‌దాస్ పటేల్ జీతగాళ్లు కర్రలు పట్టుకుని వచ్చి తమ బండ్లను అందరికంటే ముందుకు తోసుకుపోయేవారు. చిన్న రైతుల చెరుకు ఎండలో వాడి బరువు తగ్గేది. ఒకనాడు బాలనర్సయ్య ఎద్దుకు దెబ్బ తగిలి కాలు కుంటింది. బాలనర్సయ్య నోరున్న మనిషి కాదు. ఎద్దు కాలు పట్టుకుని రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

భీమవ్వ ఆ రోజు వంటకు ఆలస్యంగా వచ్చింది. సంగతి చెప్పి, "గీ బండ్లకు గూడ ఒక మెంబరుంటె బాగుండు," అంది విసుగ్గా.

లిండ్నర్ తింటున్న చెయ్యి ఆపాడు. మర్నాడు రఫీక్‌ను వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరకు వెళ్లాడు. బండ్లవాళ్లే తమలో ఒకరిని వరస పెద్దగా ఎన్నుకుంటారనీ, ఆ మనిషి చెప్పిన వరసలోనే గేటు తియ్యాలనీ అడిగాడు. గొడవ తగ్గితే చాలనుకున్న మేనేజర్ సరేనన్నాడు. రఫీక్ మాత్రం బయటికొచ్చాక ఆయన్ను పక్కకు లాగాడు.

"సాబ్, మీటింగు పెట్టాల్నంటె సర్కారు ఇజాజత్ గావాలె. జైలుకు పోతం."

"మీటింగ్ కాదు. వరస," అన్నాడు లిండ్నర్. "వరస అంటె పాత పద్ధతే గద, రఫీక్."

ఆయన పడుచువాడైపోయాడు. బండ్ల మీది తడకలు దింపించి చుట్టూ గోడలా కట్టించాడు. లోపల రెండు కుండలు, వాటి మూతులకు గుడ్డలు. ఒక్కో బండికి ఒక్కో చెరుకు కణుపు. లోపలికి ఒక్కరే వెళ్లి, ఇష్టమైన కుండలో కణుపు వెయ్యాలి. ఎవరు ఎందులో వేశారో దేవుడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. రఫీక్ చేత ఆ మాట పదేపదే చెప్పించాడు. పటేల్ మనుషుల తరఫున దేవిదాస్ అనే సేద్యగాడు నిలబడ్డాడు. చిన్న రైతులు బాలనర్సయ్యను నిలబడమన్నారు.

బాలనర్సయ్య తలపాగా సర్దుకుని నేల చూపులు చూశాడు. "నాకు మాట రాదయ్యా. మా ఆమెకు వస్తది. ఆమెను నిలబెట్టుండ్రి," అన్నాడు.

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. చెరుకు కొట్టేదీ కట్టలు మోసేదీ సగం ఆడవాళ్లే. భీమవ్వ లిండ్నర్ వైపు తిరిగింది. "ఏమంటవు సాబ్? ఆడోళ్లు నిలబడొద్దా?"

ఆయన ముక్కు ఇంకా ఎర్రబడింది. "భీమవ్వ, ఒక మాట. మా దేశంల ఆడోళ్లకు ఓటు ఇయ్యొద్దు అని చెప్పింది నేనే. ఊరూరు తిరిగి చెప్పిన."

"మల్ల?"

"ఇచ్చిండ్రు. వాళ్లే నన్ను గెలిపించిండ్రు."

"గట్లయితె ఊకోని కుండలు పెట్టు," అంది భీమవ్వ.

దేవిదాస్ కుండకు ఎర్ర గుడ్డ, భీమవ్వ కుండకు పచ్చ గుడ్డ కట్టారు. బండివాళ్లు ఒక్కొక్కరే తడకల చాటుకు వెళ్లి వచ్చారు. కొందరు లోపలికి వెళ్లే ముందు చెప్పులు విడిచారు. పటేల్ జీతగాళ్లు కూడా వెళ్లి వచ్చారు. చివరికి కుండలు బోర్లిస్తే భీమవ్వ కుప్ప ముందు దేవిదాస్ కుప్ప చిన్నబోయింది. పటేల్ జీతగాళ్లలోనూ కొందరు పచ్చ గుడ్డ కుండలో వేసి ఉండాలి. ఎవరన్నది ఎవరూ అడగలేదు.

మర్నాడు రామ్‌దాస్ పటేల్ గుర్రం మీద వచ్చాడు. తన బండ్లు అంత వెనక నిలబడి ఉండడం చూసి ఆయన ముఖం నల్లబడింది. భీమవ్వ కొంగు బిగించి ఎదురెళ్లబోతే, లిండ్నర్ ఆమెను చేత్తో ఆపాడు. తన ఇంట్లోంచి కుర్చీ తెప్పించి వేపచెట్టు నీడలో వేయించాడు. టోపీ తీసి, పటేల్‌కు వంగి నమస్కారం చేసి, "కూసోండి," అన్నాడు. పటేల్ అటూ ఇటూ చూశాడు. అంతమంది ముందు ఒక తెల్లదొర టోపీ తీసి మర్యాద చేస్తున్నాడు. కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. తన బండ్ల వంతు వచ్చేదాకా కూర్చునే ఉన్నాడు.

"ఆనికెందుకు కుర్సీ?" అని తర్వాత భీమవ్వ కోప్పడింది.

"ఓడినోనికే కుర్చీ ఎయ్యాలె," అన్నాడు లిండ్నర్. "గెలిచినోడు ఎట్లైన నిలబడతడు."

ఆ సీజనంతా గేటు దగ్గర కర్ర లేవలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. వానాకాలం చివర, ఐరోపాలో మళ్లీ యుద్ధం మొదలైంది. వారం తిరక్కముందే పోలీసు అమీన్ సాబ్ ఇద్దరు జవాన్లతో లిండ్నర్ ఇంటికొచ్చాడు. జర్మనీ మనుషులందరినీ బ్రిటిషు సర్కారు అహ్మద్‌నగర్‌లోని శిబిరంలో పెట్టిస్తోంది. అమీన్ సిగ్గుపడుతూ చెప్పాడు. లిండ్నర్ తలూపి, మళ్లీ ఒక సంచి సర్దుకున్నాడు.

"నిన్ను తరిమినోళ్లు, నువ్వు ఒక్కటే ఎట్లయితరు సాబ్?" అంది భీమవ్వ. ఆమెకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

"కాగితం మీద ఒక్కటే," అన్నాడాయన.

చలి మొదలయ్యే రోజుల్లో రఫీక్‌కు కబురు వచ్చింది. శిబిరంలో ఎవరు నాజీలో, ఎవరు కాదో తేల్చడానికి విచారణ జరుగుతోంది. లిండ్నర్‌ను బాగా ఎరిగినవాళ్లు వచ్చి చెప్పవచ్చు. రఫీక్ సెలవు పెట్టాడు. భీమవ్వ రొట్టెలు మూటగట్టి, "నేను గూడ వస్త," అంది.

"నువ్వెందుకక్కా? అంత దూరం, మన మాట రానోళ్లు."

"ఆయన తిండి నేను వండిన. ఆయన ముచ్చట నేను విన్న. నీకన్న నాకే ఎక్కువ ఎర్క."

బాలనర్సయ్య ఆమెను స్టేషన్‌దాకా బండిలో దింపాడు. అక్కడికి రామ్‌దాస్ పటేల్ కూడా వచ్చి నిలబడి ఉన్నాడు. దగ్గరికొచ్చి, రఫీక్‌తో కాకుండా నేరుగా భీమవ్వతోనే, "నా పేరు గూడ చెప్పుండ్రి. మర్యాద తెల్సిన మనిషని పటేల్ అన్నడని చెప్పుండ్రి," అన్నాడు.

మన్మాడ్‌లో రైలు మారి అహ్మద్‌నగర్ చేరారు. విచారణ గదిలో నెరిసిన మీసాల ఇంగ్లీషు అధికారి కూర్చుని ఉన్నాడు. లిండ్నర్‌ను ఒక పక్క నిలబెట్టారు. చిక్కిపోయాడు. భీమవ్వను చూసి తల వంచి నమస్కారం చేశాడు.

అధికారి రఫీక్‌ను అడిగాడు. రఫీక్ తడబడుతూ రెండు మాటలు చెప్పాడు. అప్పుడు అధికారి, "ఈమె ఎవరు?" అన్నాడు.

"బండ్ల మెంబరును," అంది భీమవ్వ. రఫీక్ దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి కొంచెం తంటాలు పడ్డాడు.

"ఈయన జర్మనీలో ఏం చేసేవాడో నీకు తెలుసా?"

"తెల్సు దొరా. గడ్డలు పండిచ్చెటోడు. గా గడ్డలతోటి చక్కెర చేస్తరంట. రైతులు ఈయన్ను మెంబర్ జేసిండ్రు. పాత పద్ధతి పార్టీ. రాజుండాలె, గుడి ఉండాలె, వరస తప్పొద్దు. గదీ ఆ పార్టీ. ఈయన మాట్లాడుతుంటె సొంతోడే నిద్రవోయిండు. అయిన ఇడువలే. పశువులకు గాలికుంటొస్తె డాక్టరు వోవాల్నని రూలు పెట్టిచ్చిండు. ఇంకేం చెయ్యలే. గంతే. కని గది పెద్దదే, ఎడ్లున్నోళ్ల నడుగు. తర్వాత పార్టీ పెద్దమనిషి పోయి కర్రలోళ్లతోటి దోస్తీ చేసిండు. ఈయన చెయ్యలే. పార్టీల నుంచి ఎల్లిపోయిండు. ఊరోళ్లు ఓడగొట్టిండ్రు. ఓడగొట్టినోళ్ల పంట బాగుండాల్నని ఇప్పటికి గూడ అంటడు. పెండ్లాం సచ్చిపోయె, ఇల్లు పోయె, దేశం పోయె. గా కర్రలోళ్లకు భయపడి వచ్చినోన్ని మీరు గా కర్రలోడే అంటే, గది ఏం న్యాయం?"

రఫీక్ ఒక్కో వాక్యం ఇంగ్లీషు చేస్తూ పోయాడు. లిండ్నర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తన ఇరవయ్యేళ్ల బతుకు రెండు భాషల్లో ఆయన వింటున్నాడు.

"బ్రిటిషువాళ్ల గురించి ఎప్పుడైనా తప్పుగా మాట్లాడాడా?" అని అడిగాడు అధికారి.

భీమవ్వ ఆలోచించింది. "మాట్లాడిండు. మీ వంట మంచిగుండదన్నడు."

రఫీక్ ఆగిపోయాడు. "ఏమంది?" అని అధికారి గద్దించాడు. రఫీక్ చెప్పక తప్పలేదు. అధికారి మీసం కింద పెదవి వణికింది. లిండ్నర్ వైపు చూసి, "మా నాన్న కూడా పాత పద్ధతి పార్టీయే," అన్నాడు ఇంగ్లీషులో. "అక్కడ కూడా చాలామంది నిద్రపోతారు."

పటేల్ మాట కూడా రఫీక్ చేత చెప్పించేదాకా భీమవ్వ గది విడవలేదు.

కొన్నాళ్లకు లిండ్నర్‌ను వదిలేశారు. పోలీసుకు కనబడి వెళ్తూ ఉండాలన్న షరతు మీద బోధన్‌లోనే ఉండనిచ్చారు. రఫీక్, భీమవ్వ స్టేషన్‌కు ఎదురెళ్లారు. ముగ్గురూ టాంగాలో ఫ్యాక్టరీకి వస్తుండగా దారి పొడుగునా చెరుకు బండ్లు కనిపించాయి. కొత్త సీజన్ అప్పుడే మొదలైంది. బండ్లు ఒకదాని వెనక ఒకటి, దారం గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. ముందున్న బండి మీద ముత్యం అనే కుర్ర రైతు నిలబడి వరస పిలుస్తున్నాడు.

"వీడెవ్వడు?" అంది భీమవ్వ.

రఫీక్ గొంతు సవరించుకున్నాడు. "చెప్పుదమనే అనుకున్న అక్కా. నిన్న సాయంత్రం మల్ల కణుపులు ఏసిండ్రు. కొత్త సీజన్ గద అన్నరు. నువ్వు సాబ్ ఇల్లు సర్దుతున్నవు, మీ ఆయన రాత్రంత బండి కాడనే ఉన్నడు. ముత్యం గెలిచిండు."

భీమవ్వ ముఖం వాడిపోయింది. టాంగాలోంచి చూపు తిప్పుకోకుండా ముత్యాన్నే చూసింది. అతను ఒక ముసలివాడి బండిని ముందుకు పిలుస్తున్నాడు, వంతు ప్రకారమే. అరవడం లేదు.

"ఎవ్వలు పెట్టిచ్చిండ్రు కుండలు?"

"ఎవ్వలు పెట్టియ్యలే. ఆళ్లే పెట్టుకున్నరు."

లిండ్నర్ టాంగా ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన నిలబడి, బండ్ల వరసను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. తిరిగొచ్చి భీమవ్వ పక్కన కూర్చున్నాడు.

"నేను ఓడినంక మల్ల నిలబడలే భీమవ్వ," అన్నాడు. "అది తప్పు."

"నేను నిలబడ్త," అంది భీమవ్వ. "వచ్చే యేటికి సూడు. ముత్యం మంచోడే, కని గొంతు లేదు వానికి."

టాంగా కదిలింది. బాలనర్సయ్య బండి వరస మధ్యలో ఎక్కడో ఉంది. భార్యను చూసి ఆయన చెయ్యెత్తాడు గానీ, వంతు పోతుందని ఎడ్లను విడిచి రాలేదు.